మేలు లెక్క కూడా రాసుకుందాం

(మండల మహిళా సమాఖ్య వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగం)



ఇంతసేపూ కోశాధికారి గారు ఏడాది లెక్కలు చదివారు. పొదుపు ఎంత, అప్పు ఎంత, వసూలు ఎంత, బకాయి ఎంత అన్నీ విన్నాం. అవి అయిపోయాక నన్ను ‘రోజువారీ జీవితంలో కృతజ్ఞత’ అనే విషయం మీద నాలుగు మాటలు చెప్పమన్నారు. లెక్కలు చదివిన చోట ఈ నీతి మాటలు ఎందుకు అని మీలో కొందరికి అనిపించవచ్చు. నాకైతే ఇది కూడా లెక్కల్లో భాగమే అనిపిస్తుంది. ఇచ్చిన అప్పు పుస్తకంలో రాస్తాం. కట్టిన కిస్తీ రాస్తాం. ఒకరు మనకు చేసిన మేలు మాత్రం ఎక్కడా రాయం. అది రాయకపోతే ఏమవుతుందో, రాస్తే ఏమవుతుందో ఈ పూట మాట్లాడుకుందాం.

ముందు మాట సంగతి చూద్దాం. కృతజ్ఞత అనేది పుస్తకాల మాట. మనం ఇంట్లో వాడం. కానీ దాని అర్థం చాలా సులువు. ‘కృత’ అంటే చేసినది. ‘జ్ఞ’ అంటే తెలిసి ఉన్నవాళ్లు. ఎవరు మనకు ఏం చేశారో తెలిసి ఉండడం కృతజ్ఞత. దీనికి ఎదురు మాట కృతఘ్నత. అందులో ‘ఘ్న’ అంటే చంపేది. చేసిన మేలును చంపేయడం అన్నమాట. మన పెద్దవాళ్లు దీన్నే ఇంకా సూటిగా చెప్పారు. ఏరు దాటాక తెప్ప తగలేశాడు అంటారు. తిన్న ఇంటి వాసాలు లెక్కపెట్టాడు అంటారు.

మనవాళ్లకు థాంక్స్ చెప్పడం రాదు, అది ఇంగ్లీషు వాళ్ల అలవాటు అంటుంటారు. నేను ఒప్పుకోను. ఆ ఒక్క మాట మనం వాడకపోవచ్చు. ఎండన పడి వచ్చినవాళ్లు మనింట్లో మంచినీళ్లు తాగి ‘చల్లగా ఉండు తల్లీ’ అనరా? కష్టంలో ఆదుకున్నవాళ్లను తలుచుకుని ‘నీ పుణ్యమా అని గట్టెక్కాం’ అనమా? పక్కింటి నుంచి కూర వచ్చిన గిన్నెను ఖాళీగా తిరిగి ఇస్తామా? కనీసం నాలుగు పచ్చిమిరపకాయలో, కాస్త పంచదారో వేసి ఇస్తాం. ఆ పచ్చిమిరపకాయలు కూర ఖరీదుకు సరిపోతాయని కాదు. నీ దగ్గర తీసుకున్నాను, నాకు గుర్తుంది అని చెప్పడం అది.

కనుమ పండగ చూడండి. ఏడాదంతా కాడి లాగిన ఎద్దులను, పాలిచ్చిన ఆవులను, గేదెలను ఆ రోజు కడుగుతాం, కొమ్ములకు రంగులు వేస్తాం, మెడలో గంటలు కడతాం, బొట్టు పెట్టి మేత పెడతాం. సంక్రాంతికి కొత్త వరికంకులు కుచ్చులు కట్టి చూరుకు వేలాడదీస్తే పిచ్చుకలు వచ్చి తింటాయి. చేలో పండినదాంట్లో వాటికీ వాటా ఉందని మన పెద్దవాళ్లు అనుకున్నారు. నోములో వాయనం ఇచ్చేటప్పుడైతే ఇంకా పద్ధతి ఉంది. ఇచ్చే ఆమె ఇస్తున్నానని పైకి అనాలి. పుచ్చుకునే ఆమె పుచ్చుకున్నానని పైకి అనాలి. ఊరికే తీసుకుని కొంగులో వేసుకుని వెళ్లిపోకూడదు. మన సంఘం భాషలో చెప్పాలంటే అది రసీదు. ఇచ్చింది ఎవరో, అందుకున్నది ఎవరో నలుగురి ముందు నోటితో చెప్పడం.

ఇలాంటి అలవాటు ఉన్న మనం సంఘంలోకి వచ్చేసరికి ఆ రసీదు ఇవ్వడం మరిచిపోతున్నాం. ఇది నేను గట్టిగా చెప్పదలుచుకున్న సంగతి.

మనం ఇక్కడికి ఎలా వచ్చామో ఒకసారి వెనక్కి చూద్దాం. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లాలో అక్షరాస్యత ఉద్యమం వచ్చింది. పగలంతా కూలికి పోయి వచ్చిన ఆడవాళ్లు రాత్రిళ్లు దీపాల కింద కూర్చుని అక్షరాలు దిద్దారు. చదువు చెప్పిన వలంటీర్లు కూడా ఆ ఊళ్ల పిల్లలే. అక్కడ దూబగుంట అనే ఊళ్లో ఆడవాళ్లంతా ఒక్కటై సారా కొట్టు మూయించారు. ఆ ఊరి కథ కొత్తగా చదువు నేర్చుకునేవాళ్ల వాచకంలో పాఠంగా వచ్చింది. ఆ పాఠం చదివినవాళ్లు, చదివించుకుని విన్నవాళ్లు తమ ఊళ్లలో కూడా లేచారు. 1992లో అది పెద్ద ఉద్యమం అయింది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధించారు. దూబగుంట రోశమ్మ గారి పేరు మనందరికీ తెలుసు. ఆమె వెనక నిలబడిన వందలాది ఆడవాళ్ల పేర్లు మనలో ఎవరికీ తెలియవు.

సారా ఆగాక ఇంట్లో నాలుగు రూపాయలు కనపడడం మొదలైంది. అప్పుడే నెల్లూరు ఆడవాళ్లు రోజుకు ఒక రూపాయి చొప్పున పొదుపు మొదలుపెట్టారు. ‘పొదుపు లక్ష్మి’ అనే పేరు అలా వచ్చింది. అదే 1992లో నాబార్డు సంఘాలను బ్యాంకులతో కలిపే పని ప్రయోగంగా 500 సంఘాలతో మొదలుపెట్టింది. 1982లోనే వచ్చిన డ్వాక్రా మన రాష్ట్రంలో ఊరూరా పాకింది. 2000లో వెలుగు వచ్చింది. అలా సంఘం, గ్రామ సంఘం, మండల సమాఖ్య, జిల్లా సమాఖ్య అని మెట్టు మీద మెట్టు కట్టుకుంటూ వచ్చాం.

రోజుకు రూపాయి అంటే ఎంతో లెక్క వేయండి. నెలకు 30 రూపాయలు. పది మంది ఉంటే నెలకు 300. ఏడాదికి 3,600. ఆ డబ్బుతో ఎవరు ఏం చేయగలరు అని ఆ రోజుల్లో మగవాళ్లు నవ్వారు. ఆ మూడు వందల్లోంచే ఒకరికి విత్తనాలకు, ఒకరికి బిడ్డ జ్వరానికి ఇచ్చుకున్నారు. నూటికి ఐదు రూపాయల వడ్డీకి బయట అప్పు తెస్తే వెయ్యి రూపాయలకు ఏడాదికి 600 వడ్డీ. సంఘంలో రూపాయి వడ్డీకి తీసుకుంటే 120. అంటే ఒక్క వెయ్యి మీద ఏడాదికి 480 రూపాయలు ఇంట్లో మిగిలింది. పది వేలైతే 4,800. ఈ మిగులు ఆకాశం నుంచి ఊడిపడలేదు. తన పిల్లలకు గాజులు కొనకుండా, తాను మధ్యాహ్నం టీ తాగకుండా రూపాయి తెచ్చి పెట్టిన ఆడమనిషి చేతిలోంచి వచ్చింది. ఇవాళ మనం లక్షల్లో బ్యాంకు రుణం తీసుకుంటున్నామంటే, వీళ్లు తీరుస్తారు అనే నమ్మకం ఆ మొదటివాళ్లు కట్టిన కిస్తీల వల్ల వచ్చింది.

ఇప్పుడు ఆ మొదటివాళ్లు ఎక్కడున్నారు? మీ మీ సంఘాల్లో ఒక్కసారి తలుచుకోండి. అరవై, డెబ్భై దాటి ఉంటారు. మోకాళ్ల నొప్పులతో మీటింగుకు రాలేరు. పనికి పోలేరు కాబట్టి పొదుపు సరిగా కట్టలేరు. కొన్ని సంఘాల్లో వినపడే మాట ఏంటంటే, ‘ముసలామె ఉంటే గ్రేడింగు పోతుంది, ఆమెను తీసేసి కోడలిని చేర్చుకుందాం’ అని. తీసేసేటప్పుడు ఏం ఇస్తున్నాం? చాలా చోట్ల ఆమె కట్టిన పొదుపు మాత్రం లెక్కగట్టి చేతిలో పెట్టి పంపేస్తున్నారు.

ఇక్కడ లెక్క సరిగా వేద్దాం. పది మంది ఉన్న సంఘం. ఒక్కొక్కరి పొదుపు 12,000 అనుకుందాం. మొత్తం 1,20,000. ఇన్నేళ్లలో అప్పుల మీద వచ్చిన వడ్డీ ఖర్చులు పోను ఇంకో 80,000 నిధిలో కలిసింది అనుకుందాం. అప్పుడు సంఘం సొంత నిధి 2,00,000. వెళ్లిపోయే పెద్దమ్మకు 12,000 ఇచ్చి పంపితే, ఆమె వాటాకు వచ్చే లాభం 8,000 మిగతా తొమ్మిది మంది దగ్గర ఉండిపోయినట్టే. ఆమె పేరు మీద అప్పు ఉంటే అది మినహాయించుకోవచ్చు. కానీ వాటాను మినహాయించుకునే హక్కు మనకు లేదు. ఈ విషయంలో మీ సంఘం నియమాల్లో ఏం రాసుకున్నారో ఇంటికెళ్లి చూడండి. ఏమీ రాసుకోకపోతే, ఎవరూ వెళ్లకముందే, ఎవరి మీదా కోపం లేనప్పుడే కూర్చుని తీర్మానం రాసుకోండి.

ఒక మాట జాగ్రత్తగా వినండి. ఆ 8,000 ఇవ్వడం కృతజ్ఞత కాదు. అది ఆమె డబ్బు. అది ఇచ్చి ‘చూడు, నీకు ఎంత చేశామో’ అనకూడదు. లెక్క తేల్చాక మొదలయ్యేది కృతజ్ఞత. ఆమెను సంఘంలోంచి పంపేయక్కర్లేకుండా, అప్పు తీసుకోకపోయినా చేతనైనంత పొదుపుతో ఉండనివ్వవచ్చు. మీటింగు నెలకొకసారి ఆమె ఇంటి అరుగు మీదే పెట్టుకోవచ్చు. పింఛను కాగితమో, కంటి ఆపరేషనో ఉంటే ఆమె వెంట ఒకరు వెళ్లవచ్చు. ‘ఈ సంఘాన్ని మొదలుపెట్టింది ఈ పెద్దమ్మ’ అని కొత్తగా చేరిన కోడలికి చెప్పవచ్చు. వీటిలో ఒక్కదానికీ బడ్జెట్టు అవసరం లేదు.

అదే లెక్క మన పుస్తకాలు రాసే అమ్మాయిలకూ వర్తిస్తుంది. రాత్రి పదింటిదాకా కూర్చుని పుస్తకాలు రాస్తుంది, బ్యాంకు చుట్టూ తిరుగుతుంది. ఆమెకు రావలసిన డబ్బులు నెలల తరబడి నిలిపేసి, ఏడాదికోసారి వేదిక మీద శాలువా కప్పితే సరిపోదు. ముందు ఆమె గౌరవ వేతనం సమయానికి అందేలా చూద్దాం. ఆ తర్వాత శాలువా కప్పితే ఆ శాలువా వెచ్చగా ఉంటుంది.

ఇదే కొలత మనల్ని కృతజ్ఞత అడిగేవాళ్ల దగ్గర కూడా పెట్టాలి. ఆడవాళ్లకు ఈ మాట చాలా మంది చాలా రకాలుగా చెబుతారు. ‘నీకు తిండి పెడుతున్నాను, బట్ట పెడుతున్నాను, ఇంకేం కావాలి’ అని ఇంట్లో అంటారు. తెల్లారకముందు లేచి వాకిలి ఊడ్చి, నీళ్లు మోసి, వంట చేసి, కూలికి వెళ్లి, మళ్లీ వచ్చి వంట చేసే మనిషికి తిండి ఎవరు పెడుతున్నట్టు? ఆమె తిండి ఆమె సంపాదించుకుంటున్నదే. ఉపాధి హామీ కూలి డబ్బులు, రేషను బియ్యం, పింఛను ఇవన్నీ చట్టం ప్రకారం, ప్రభుత్వ నిబంధనల ప్రకారం రావలసినవి. ఇప్పించిన ఉద్యోగి మర్యాదగా మాట్లాడి, ఎండలో నిలబెట్టకుండా పని చేసి పెడితే, ఆ మర్యాదకు నమస్కారం పెడదాం. పింఛను మాత్రం ఆయన జేబులోది కాదు. దానికోసం ఎవరి కాళ్లూ పట్టుకోనక్కర్లేదు. రావలసినదాన్ని ఉపకారంగా చూపించి మన నోరు మూయించే వాళ్లున్నారు. కృతజ్ఞత ఉన్న మనిషి నోరు మూసుకుని ఉండాలని ఎక్కడా లేదు. మేలు చేసినవాళ్లను గుర్తుపెట్టుకుంటాం, తప్పు చేస్తే అడుగుతాం. రెండూ ఒకే మనిషి చేయవచ్చు.

ఇంకో సంగతి. కష్టంలో ఉన్న మనిషికి కృతజ్ఞత పాఠం చెప్పకండి. పంట మునిగి అప్పు మీద పడ్డ చెల్లెలి దగ్గరికి వెళ్లి, ‘నీకన్నా కష్టంలో ఉన్నవాళ్లు ఎంతమంది లేరు, ఉన్నదానికి సంతోషించు’ అంటే ఆమెకు అది ఇంకో దెబ్బ. మొగుడు కొట్టిన మనిషితో ‘పోనీలే, పిల్లలు బంగారంలా ఉన్నారు కదా’ అనడం కూడా అలాంటిదే. అక్కడికి వెళ్లినప్పుడు అన్నం క్యారేజీ పట్టుకెళ్లండి, కిస్తీ గడువు గురించి సంఘంలో మాట్లాడండి, పోలీసు స్టేషనుకు తోడు వెళ్లండి. కృతజ్ఞత ఎవరికి వారు నేర్చుకోవలసింది, ఇంకొకరి నెత్తిన రుద్దేది కాదు.

మరి ఎవరికి వారు ఎలా నేర్చుకోవాలి? పెద్ద పనులేమీ అక్కర్లేదు. రోజూ చేసే పనుల్లోనే నాలుగు అలవాట్లు చెబుతాను.

మొదటిది, పని పేరు చెప్పి మెచ్చుకోవడం. ఊరికే ‘మంచిదానివి’ అంటే గాలికి పోతుంది. ‘నిన్న నాకు జ్వరంగా ఉంటే నువ్వే గేదె పాలు పిండి డెయిరీలో పోసొచ్చావు, లేకపోతే పూట పాలు పోయేవి’ అని కోడలితో అనండి. ఆ అమ్మాయి మొహం చూడండి. కూతురు గిన్నెలు తోమితే చెప్పండి. కొడుకు తోమితే ఇంకా గట్టిగా చెప్పండి, రేపు కూడా తోముతాడు. ఇంటాయన మంచినీళ్ల క్యాను మోసుకొస్తే ఆ మాటా అనండి. ఆయన మన కూర బాగుందని అనడం ఎప్పుడు నేర్చుకుంటాడంటే, ఇంట్లో ఆ మాటలు వినపడుతున్నప్పుడు.

రెండోది, కనపడని వాళ్లను చూడడం. పొద్దున్నే వీధి ఊడ్చే పారిశుధ్య కార్మికురాలు, కాన్పుకు తోడొచ్చే ఆశా కార్యకర్త, పిల్లలను చూసుకునే అంగన్‌వాడీ టీచరు, ఆయమ్మ. వీళ్ల పేర్లు మనకు తెలుసా? పేరు పెట్టి పిలిచి, వేసవిలో ఒక చెంబెడు మజ్జిగ ఇవ్వడం మన చేతిలో పని. అందరికీ ఇచ్చే గ్లాసులోనే ఇవ్వాలి. వేరే గ్లాసు పెట్టి ఇచ్చిన మజ్జిగలో కృతజ్ఞత ఉండదు.

మూడోది, తిరిగి ఇవ్వడం. మేలు చేసినవాళ్లకే తిరిగి ఇవ్వడం ఎప్పుడూ కుదరదు. వాళ్లు ఉండకపోవచ్చు, వాళ్లకు మన అవసరం ఉండకపోవచ్చు. అప్పుడు వెనక వచ్చేవాళ్లకు ఇవ్వాలి. మీకు సంతకం నేర్పినవాళ్లు గుర్తున్నారా? మీరు ఇంకొకరికి సంతకం నేర్పండి. మిమ్మల్ని మొదటిసారి బ్యాంకుకు చెయ్యి పట్టుకుని తీసుకెళ్లిన అక్క గుర్తుందా? భయపడుతూ గుమ్మం బయట నిలబడ్డ కొత్త సభ్యురాలిని మీరు లోపలికి తీసుకెళ్లండి. సంఘంలో డబ్బు ఒకరి చేతిలోంచి ఇంకొకరి చేతిలోకి తిరిగితేనే పెరుగుతుంది. మేలు కూడా అంతే.

నాలుగోది, రాసుకోవడం. అమెరికాలో రాబర్ట్ ఎమ్మన్స్, మైకేల్ మెక్‌కలా అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు 2003లో ఒక అధ్యయనం ప్రచురించారు. పది వారాల పాటు కొంతమందిని వారానికోసారి తమకు జరిగిన మంచిని రాయమన్నారు. కొంతమందిని చికాకు పెట్టినవాటిని రాయమన్నారు. ఇంకొంతమందిని ఊరికే జరిగిన సంగతులు రాయమన్నారు. మంచిని రాసినవాళ్లు తమ బతుకు గురించి మిగతావాళ్లకన్నా మెరుగ్గా అనుకున్నారని తేలింది. వాళ్లు చదువుకునే కాలేజీ పిల్లలు, మన కష్టాలు వేరు. అయినా రాసుకుంటే గుర్తుంటుందనేది మనకు కొత్త కాదు. పుస్తకం రాయడం మన పంచసూత్రాల్లోనే ఉంది. సమావేశం, పొదుపు, అంతర్గత అప్పు, తిరిగి చెల్లింపు, పుస్తక నిర్వహణ అని రోజూ చెప్పుకునేవే కదా.

అందుకని ఈ సభ ముందు ఒక చిన్న ప్రతిపాదన పెడుతున్నాను. ప్రతి సంఘం మీటింగులో పొదుపు వసూలు మొదలుపెట్టే ముందు ఐదు నిమిషాలు తీసుకుందాం. పోయిన మీటింగు నుంచి ఇప్పటిదాకా ఈ సంఘంలో ఎవరు ఎవరికి ఏం సాయం చేశారో, సాయం పొందిన మనిషే లేచి చెప్పాలి. చేసినవాళ్లు తమ గొప్ప తాము చెప్పుకోకూడదు. దాన్ని తీర్మానాల పుస్తకంలో ఒక్క వాక్యం రాయాలి. ఫలానా అక్క ఆస్పత్రిలో ఉంటే ఫలానా చెల్లెలు రెండు రోజులు వాళ్ల పిల్లలకు అన్నం పెట్టింది అని. అంతే. ఏ వారమైనా చెప్పేది లేకపోతే ‘ఈ వారం ఏమీ లేదు’ అని రాయండి. మూడు వారాలు వరసగా అలా రాయవలసి వస్తే సంఘంలో ఏదో సరిగా లేదని మీకే తెలుస్తుంది. బకాయి పడ్డప్పుడు ఎలా తెలుస్తుందో అలాగే.

రెండో ప్రతిపాదన. వచ్చే ఏడాది వార్షిక నివేదికలో లెక్కల పట్టికలతో పాటు ఒక పేజీ వేరేగా వేద్దాం. ఈ మండలంలో మొదటి సంఘాలు పెట్టి రూపాయి పొదుపు చేసిన పెద్దవాళ్ల పేర్లు, వాళ్లు ఒప్పుకుంటే, ఊరి వారీగా ఆ పేజీలో రాయాలి. బతికున్నవాళ్లను అడిగి రాయాలి, లేనివాళ్ల పేర్లు వాళ్ల పిల్లలను అడిగి రాయాలి. ఉద్యమాల్లో ముందు నిలబడిన ఒకరిద్దరి పేర్లు మిగులుతాయి, మిగతావాళ్లు ‘మహిళలు’ అయిపోతారు. మన మండలంలో అలా కాకూడదు. ఈ పని చేయడానికి మనకు ఎన్నో ఏళ్లు లేవు. ఆ పేర్లు తెలిసినవాళ్లు కూడా పెద్దవాళ్లవుతున్నారు. కాబట్టి ఈ వారం నుంచే గ్రామ సంఘాల లీడర్లు నోటుపుస్తకం పట్టుకుని బయల్దేరాలని కోరుతున్నాను. వెళ్లినప్పుడు ఆ పెద్దమ్మకు సంఘంలో రావలసిన వాటా అందిందా లేదా అని కూడా అడగండి. అందకపోతే ముందు ఆ పని చేసి, తర్వాత పేరు రాసుకోండి.

ఇక్కడ వెనకాల పొద్దుటి నుంచి గాడిపొయ్యి దగ్గర నిలబడి మనందరికీ వంట చేస్తున్న నలుగురు అక్కలున్నారు. వాళ్లు ఈ ప్రసంగం సరిగా విని కూడా ఉండరు. భోజనానికి లేచినప్పుడు విస్తరి అందుకుని వెళ్లిపోకుండా, ఒక్కొక్కరం వాళ్ల పేరు అడిగి, ఒక మంచి మాట చెబుదాం. తిన్నాక ఒక పది మంది ఉండి గిన్నెలు కడగడంలో చెయ్యి వేద్దాం.